గుంజే గొట్టం, నెట్టే గొట్టం

వెంకటనర్సయ్య ఎవరింటికి వెళ్లినా ముందు చేపల్ని చూసేవాడు కాదు. తొట్టి కింద ఉన్న చెక్క అలమార తలుపులు తెరిచి, మోకాళ్ల మీద వంగి, లోపలి ఫిల్టర్ డబ్బాకు చెవి ఆనించి కాసేపు వినేవాడు. ఇంటివాళ్లకు నమస్కారం ఆ తరవాతే. అందుకని జూబ్లీహిల్స్‌లో కొందరు అతనికి మర్యాద తెలియదనుకునేవారు. కొందరు ఇంకో రకంగా అనుకునేవారు: వంగి కూర్చుని ఈ మనిషి ఎవరి మాటలు వింటున్నాడోనని.

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. చిన్న అక్వేరియంలో బుడగలు వదిలే మోటారు అందరూ చూసిందే. పెద్ద తొట్టికి అది చాలదు. తొట్టి కింద కనపడకుండా, మూత బిగించిన డబ్బా ఒకటి పెడతారు. తొట్టిలోంచి ఒక గొట్టం అంచు ఎక్కి, దిగి, డబ్బాలోకి వస్తుంది. నీళ్లు డబ్బా లోపల ముతక స్పాంజిలోంచి, పింగాణీ ముక్కల్లోంచి, తెల్లటి దూదిలోంచి పోతూ మురికి వదిలేస్తాయి. పైన ఉన్న చిన్న మోటారు నెడితే రెండో గొట్టం గుండా తొట్టిలోకి తిరిగి వెళతాయి. కిందికి రావడానికి మోటారు అక్కర్లేదు. డ్రమ్ములో గొట్టం పెట్టి నోటితో ఒక్కసారి లాగితే కిరసనాయిలు ఆ తరవాత దానంతటదే కారుతుందే, అదే సూత్రం. మోటారు పనల్లా గొట్టాల్లోనూ దూదిలోనూ తగిలే అడ్డును దాటించడమే. అందుకే అది పిడికిలంత ఉంటుంది, ఎక్కడ కాస్త తేడా వచ్చినా చేతులెత్తేస్తుంది.

నెట్టే వైపు సందు ఉంటే నీళ్లు కారి నేల తడుస్తుంది, ఎవరికైనా తెలుస్తుంది. లాగే గొట్టం అంచు దాటే చోట సందు ఉంటే ఒక్క చుక్క కూడా కారదు. గాలి లోపలికి పోతుంది. చూసేవాడికి అంతా బాగానే కనిపిస్తుంది, చెవి పెట్టిన వాడికే డబ్బాలో గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తుంది. వెంకటనర్సయ్య వినేది ఆ చప్పుడు కోసం.

నేను అప్పట్లో కృష్ణానగర్‌లో మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి. పాడైన మోటార్లు నా దగ్గరికే తెచ్చేవాడు. తెచ్చి వదిలేసి వెళ్లేవాడు కాదు. నేను విప్పుతుంటే పక్కనే నిలబడేవాడు.

"జెర్ర అటు తిప్పు తమ్మీ, నాకు కనపడాలె."

"ఏమన్నా, నీ మోటారులో తీగ నేను దొంగిలిస్తానా?"

"నువ్వు గాదు. నీ షాపుకు తలుపు లేదాయె."

అతని అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఎనభైల మొదట్లో మెదక్ వైపు నుంచి వచ్చి షూటింగుల్లో వాన కురిపించే పనిలో చేరాడు. ట్యాంకరు మీద మోటారు, పైన చిల్లుల పైపులు, కింద తడుస్తూ హీరో హీరోయిన్లు. ఆ పని అతనికి బాగా వచ్చింది. సన్నజల్లు కావాలంటే సన్నజల్లు, గాలివాన కావాలంటే గాలివాన. ఒకరోజు షాటు మధ్యలో వాన ఆగిపోయింది. ఎవరో ట్యాంకరు వాల్వు కట్టేశారు. ఎవరన్నది తేలలేదు. వాల్వు దగ్గర ఉండాల్సిన మనిషి వెంకటనర్సయ్య కాబట్టి అతన్నే పొమ్మన్నారు. ఆ మాట ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు పాకి, మళ్లీ అతన్ని వానకు పిలిచినవాళ్లు లేరు. తరవాత ఒక ఆర్ట్ డైరెక్టర్ సెట్లో చేపల తొట్టి కావాలంటే అది కట్టిపెట్టాడు, అలా ఈ పనిలోకి వచ్చాడు. "వాన పని నెట్టుడు. గీ పని గుంజుడు. నెట్టుడు అందరికీ కనపడ్తది. గుంజుడు కనపడది," అనేవాడు. రహమత్ నగర్‌లో కిరాయి ఇల్లు, పాత సైకిలు, హ్యాండిల్‌కు చుట్టిన పచ్చటి గొట్టాలు. అతని ఆస్తి అదే. దాన్ని నిలబెట్టేది ఆ బంగళాల్లో అతనికున్న పేరు. ఒక ఇంట్లో పేరు పోతే గేట్లన్నీ ఒకదాని వెనక ఒకటి మూసుకుంటాయని అతనికి ఒకసారి అనుభవమైంది.

తొంభై నాలుగులో నిర్మాత సూర్యప్రకాశరావు ఫిల్మ్ నగర్ గుట్ట మీద కొత్త ఇల్లు కట్టాడు. ముందు హాలు మధ్యలో గోడలా అడ్డంగా పెద్ద తొట్టి, అందులో ఒకే ఒక్క చేప. మూరెడు పొడవున వెండి రేకులా మెరిసే అరోవానా. ఆ చేప ఎంత బాగుంటే సినిమా అంత బాగుంటుందని ఎవరో ఆయనకు చెప్పారు. సినిమావాళ్ల సెంటిమెంటు ఇంకోటి కూడా ఉంది: ఆ హాల్లో మొట్టమొదట తిరిగే కెమెరా తన సినిమాదే కావాలని ఆయన పట్టుదల. క్లైమాక్స్ అక్కడే తీస్తానని అందరికీ చెప్పాడు. ఇంట్లో ఉండేది ఆయనా, తల్లి జ్ఞానప్రసూనాంబగారు, గేటు దగ్గర పాలమూరు నుంచి వచ్చిన రాములు. ఆయన రీరికార్డింగ్ పనుల మీద మద్రాసుకు తరచూ వెళ్లేవాడు.

సూర్యప్రకాశరావు కూడా తక్కువ అనుమానపు మనిషి కాదు. ఆయన చెప్పించుకున్న కథలోని సీను ఒకటి ఇంకెవరి సినిమాలోనో వచ్చేసిందట. అప్పటినుంచి వెంకటనర్సయ్య హాల్లోకి రాగానే కథా చర్చలు ఆగిపోయేవి.

"ఏమయ్యా నర్సయ్యా, నువ్వు అవతలి వీధిలో ప్రొడ్యూసర్ రెడ్డిగారింటికి కూడా వెళతావు కదూ?"

"పోతా సార్. ఆళ్ల ఇంట్ల గోల్డు ఫిష్షులు."

"చేపల సంగతి కాదు నేనడిగేది."

వెంకటనర్సయ్య డబ్బా వైపు తిరిగి పని చేసుకునేవాడు. జవాబు చెబితే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా.

ఆ ఎండాకాలంలో ఒకసారి వెళ్లేసరికి నీటి మీద అల కదలడం లేదు. మామూలుగా నీళ్లు తిరిగి పడే చిల్లుల పైపు దగ్గర చిన్న చిన్న సుడులు ఉండాలి, లేవు. చెవి పెడితే గులకరాళ్ల చప్పుడు. అలవాటు ప్రకారం స్విచ్ ఆపి, పైపు తీసి చూశాడు. చిల్లుల నిండా బొద్దింక కాళ్లు, రెక్కల ముక్కలు. ఆ చేప మేత బొద్దింకలే, కాబట్టి తొట్టిలో ఆ ముక్కలు ఉండటం వింత కాదు. కానీ అవి నీళ్లు బయటికి వచ్చే చిల్లుల్లో, బయటినుంచి దూరి ఉన్నాయి. ఎవరో కూర్చుని ఒక్కొక్కటి పుల్లతో కుక్కినట్టుగా.

అన్నీ కడిగాడు, గొట్టాలు తగిలించాడు. నీళ్లు బ్రహ్మాండంగా తిరిగాయి. మోటారు మీద అనుమానంతో దాన్ని నా దగ్గరికి తెచ్చి, దాని చోట తన దగ్గరున్న పాతది పెట్టాడు. నేను మోటారు విప్పి చూశాను, దోషం ఏమీ లేదు.

"మోటారు మంచిదే అన్నా."

"గట్లయితే మనిషే," అన్నాడు.

మళ్లీ వెళ్లేసరికి అదే కథ. అల లేదు, చప్పుడు ఉంది, చిల్లుల్లో కాళ్లు కుక్కి ఉన్నాయి. పైగా నీళ్లు మసగ్గా ఉన్నాయి. అరోవానా ఒక మూలకు చేరి నోటి ముందు మీసాలు వేలాడేసి నిలబడింది. వేసిన బొద్దింక దాని ముందునుంచే తేలిపోయింది. ఆ సాయంత్రం మద్రాసు నుంచి ఫోన్లో సూర్యప్రకాశరావు తల్లితో అన్న మాట రాములు చేరవేశాడు.

"అన్నా, సార్ ఏమన్నడో తెల్సా? చేపకు ఏమన్న అయితే నర్సయ్యను గేట్ల అడుగు పెట్టనీయొద్దన్నడు. వేరే ఇండ్లల్ల కూడ చెప్తా అన్నడు."

"గది నాకెందుకు చెప్తున్నవ్?"

"పైలంగుంటవని."

జాగ్రత్తగా ఉండమన్నవాడి మీదే వెంకటనర్సయ్యకు అనుమానం తిరిగింది. గేటు దగ్గర ఉండేది రాములు. తాళాలు రాములు దగ్గర. పైగా రాములు బామ్మర్ది ఈమధ్య బోయిన్‌పల్లిలో చేపల దుకాణంలో చేరాడని తెలిసింది. ఇంకేం కావాలి?

పోయేముందు అలమార తలుపులు మూసి, రెండు రెక్కల మధ్య సందులో కాలిన అగ్గిపుల్ల ముక్క ఒకటి నిలబెట్టాడు. తలుపు తెరిస్తే అది పడిపోతుంది. తెరిచినవాడు గమనించడు. ఈ సంగతి నాకు ఒక్కడికే చెప్పాడు. చెప్పి, నా ముఖం కూడా ఒకసారి పరీక్షగా చూశాడు.

"ఇంకో మాట అన్నా," అన్నాను. "నువ్వు వెళ్లగానే స్విచ్ ఆపుతున్నావు. ఆపాక ఏం తెలుస్తుంది? ఈసారి నడుస్తుండగానే చెయ్యి పెట్టి చూడు."

"నడుస్తుంటే చెయ్యి పెట్టొద్దని నువ్వే చెప్తవ్ గద?"

"అది మోటారులో. నేను చెప్పేది తొట్టిలో."

తరవాత వెళ్లిన రోజు అతను చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. హాల్లో ఎవరూ లేరు. అలమార ముందు కూర్చుని చూస్తే అగ్గిపుల్ల ఉన్నచోటే ఉంది. అదే సందు, అదే ఎత్తు. అంటే తలుపు ఎవరూ తెరవలేదు. కానీ నీటి మీద అల లేదు. డబ్బాలో గులకరాళ్ల చప్పుడు ఉంది. చూపుడువేలితో పుల్లను లాగి అరచేతిలో వేసుకున్నాడు. తను పెట్టింది కర్రపుల్ల. ఇది మైనం పూసిన కాగితప్పుల్ల. సరిగ్గా అంతే పొడవుకు తుంచి, అంతే మేర కాల్చి, అక్కడే నిలబెట్టారు.

దొంగకు ఇంత ఓపిక ఉండదు. రాములుకు అసలే ఉండదు, అతను గేటు గొళ్లెం కూడా సరిగ్గా పెట్టడు. పుల్ల పడిపోయిందని గమనించి, అది దొరక్కపోతే అలాంటిదే ఇంకోటి తయారుచేసి, ఉన్నచోటే పెట్టే మనుషులు లోకంలో ఎవరున్నారు?

ఉన్నారు. వాళ్ల మధ్యే అతను చాలాకాలం వాన కురిపించాడు. షాటు మొదలయ్యే ముందు వస్తువులన్నిటికీ ఫోటో తీసుకుని, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, దిండు ఏ వైపుకు వాలిందో చూసుకుని, పనయ్యాక ఫోటోలో ఉన్నట్టే అన్నీ సర్దే మనుషులు. కంటిన్యూటీ చూసుకునే అసిస్టెంట్లు. ఫోటోలో అగ్గిపుల్ల ఉంది కాబట్టి అగ్గిపుల్ల పెట్టారు.

స్విచ్ ఆపకుండా చొక్కా చెయ్యి పైకి మడిచి తొట్టిలోకి చెయ్యి పెట్టాడు. అడుగున జాలీ ఉంటుంది, నీళ్లు లోపలికి వెళ్లేది అక్కడే. అరచెయ్యి ఆనిస్తే పసిపిల్ల నోరు పట్టినట్టు పట్టి గుంజాలి. గుంజలేదు. నీళ్లు అరచేతిని వెనక్కి నెట్టాయి, అడుగున పేరుకున్న మడ్డిని పైకి లేపాయి. పైన చిల్లుల పైపు మీద వేలు పెడితే వేలు అతుక్కుంది. గుంజాల్సింది నెడుతోంది, నెట్టాల్సింది గుంజుతోంది. సన్నటి చిల్లుల్లోంచి నీళ్లు చాలినంత రావు, తేలే చెత్తంతా వచ్చి అక్కడే ఇరుక్కుంటుంది. ఎండకు నీరు కాస్త తగ్గినా పైపు గాలి పీలుస్తుంది. కాళ్లు ఎవరూ కుక్కలేదు, పైపే లాక్కుంది. ఇన్నిసార్లూ తను స్విచ్ ఆపి, గొట్టాలు విప్పి, కడిగి, చేతి అలవాటుతో మళ్లీ సరిగ్గా తగిలించేసరికి తప్పు తనకు కనపడకుండానే సరైపోయింది.

గేటు దగ్గరికి వెళ్లాడు. రాములు బల్ల మీద కూర్చుని వేరుశనగలు వలుస్తున్నాడు.

"రాములూ, లోపట షూటింగ్ అయిందా?"

రాములు చేతిలో పప్పు ఆగిపోయింది. "ఏం షూటింగన్నా?"

"తొట్టి ఎనకాల కెమెరా పెట్టిన్రా?"

"నాకేం తెల్వదు. నేను గేటు కాడ ఉంట."

"నీ బామ్మర్దికి నా పని ఇప్పియ్యాలనుకుంటే సక్కగ చెప్పు. గీ దొంగ యేషాలెందుకు?"

రాములుకు కోపం వచ్చింది. "నా బామ్మర్ది చేపల్ని ముట్టుకోడు, వాసనొస్తదని. ఆడ ఆటో తోల్తడు, సామాను ఏస్తడు. నువ్వు నన్ను గిట్ల అనుకుంటున్నవా అన్నా? నీకు పైలం చెప్పింది నేను."

"మరి ఎవరు రానిచ్చిన్రు ఆళ్లను?"

రాములు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మగారు. ఒట్టేపిచ్చుకున్నది. తణుకు కాడి పోరలంట, అమ్మగారి ఊరోళ్లు. కొత్తగ సినిమా తీస్తున్రు, ఇండ్లు కిరాయికి తీసుకునే తాహతు లేదు. సార్ మద్రాస్ పోయినప్పుడల్ల వచ్చిన్రు. ఏం పోలే, ఏం పగల్లే. ఎక్కడి సామాను అక్కడ పెట్టి పోయిన్రు. ఆళ్లకు పులిహోర కూడ చేసి పెట్టింది."

తొట్టి వెనక కెమెరా పెట్టి, నీళ్లలోంచి హీరోయిన్ ముఖం తీశారట. నల్లటి గొట్టాలు రెండూ అడ్డమని డబ్బా దగ్గర ఊడదీసి పక్కకు తప్పించారు. గొట్టాల ఫోటో తీసింది తొట్టి వెనకనుంచి. మళ్లీ తగిలించింది అలమార ముందునుంచి. ఎడమది కుడికి పోయింది. వచ్చిన ప్రతిసారీ అంతే జాగ్రత్తగా, అంతే తప్పుగా.

వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుతుండగానే కారు హారను వినిపించింది. సూర్యప్రకాశరావు చెప్పకుండా ఒకరోజు ముందే వచ్చేశాడు. గేటు దగ్గర గుసగుసలాడుతున్న ఇద్దర్నీ కారు అద్దంలోంచి చూశాడు. దిగి సరాసరి తొట్టి దగ్గరికి వెళ్లాడు. మసక నీళ్లు, మూలకు చేరిన చేప.

"రండి ఇద్దరూ ఇలా," అని కేక వేశాడు. అలికిడికి జ్ఞానప్రసూనాంబగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమయ్యా, చావబోతున్న చేపను వదిలేసి గేటు దగ్గర ఏం మంతనాలు?"

"గొట్టాలు మారినయ్ సార్. గుంజేది నెట్టేది తారుమారైంది. ఇప్పుడే సూశిన. సరిజేస్తే చేప బతుకుతది."

"గొట్టాలు వాటంతటవే మారతాయా? నువ్వు తప్ప వాటిని ముట్టుకునేవాడెవడు?"

"నేను మార్చలే సార్."

"మరి ఎవరు? నువ్వు కాకపోతే తాళాలు వీడి దగ్గరున్నాయి." రాములు వైపు తిరిగాడు. "ఒరేయ్, ఎవర్ని రానిచ్చావు ఇంట్లోకి? చెప్పు. చెప్పకపోతే ఇప్పుడే మూట సర్దుకో."

రాములు నేల చూపులు చూశాడు. నోరు విప్పలేదు. ఒట్టు అలాంటిది.

వెంకటనర్సయ్య తరవాత నాతో అన్నాడు, ఆ క్షణంలో తనకు ట్యాంకరు వాల్వు గుర్తొచ్చిందని. ఆ రోజు కూడా తెలిసినవాడు ఒకడు అక్కడే నిలబడి ఉంటాడు. నోరు విప్పి ఉండడు. తను మాట్లాడితే అమ్మగారికి కోపం, ఆ ఇంట్లో పని పోతుంది. ఊరుకుంటే రాములు పోతాడు, ఆ తరవాత తన వంతు. అతను గుమ్మం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మా, మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

డబ్బాలో గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. సూర్యప్రకాశరావు తల్లినీ పనివాణ్ణీ మార్చి మార్చి చూశాడు. ఆయన కళ్లలో అనుమానం ఎటు పోవాలో తెలియక తిరిగింది.

"ఏంటమ్మా? వీడేంటి అంటున్నది?"

జ్ఞానప్రసూనాంబగారు కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "ఏంటేముంది? నేనే రమ్మన్నాను. మన ఊరి పిల్లలు. నాలుగు షాట్లు తీసుకుంటామన్నారు, తీసుకోండన్నాను. వాళ్లను తిడితే నన్ను తిట్టు. ఆ గేటు కాసేవాణ్ణి ఏమీ అనకు."

"ఈ హాల్లోనా? నా సినిమా కంటే ముందా?"

"హాలు నీదే. ఇంట్లో ఉండేది మాత్రం నేను."

"అమ్మా, అసలు నీకు..."

"ఇంకోటి కూడా చెబుతా విను, మళ్లీ ఎవరో చెబితే బాగోదు. ఒక షాట్లో నన్ను కూడా నిలబెట్టారు. తులసికోట దగ్గర దీపం పెట్టే బామ్మగా. ఆ అబ్బాయి రెండో టేకు కూడా అడగలేదు."

సూర్యప్రకాశరావు సోఫాలో కూర్చుండిపోయాడు. ఇన్ని సినిమాలు తీశాడు, తల్లిని ఒక్కసారి కెమెరా ముందుకు పిలిచిన పాపాన పోలేదు. కాసేపటికి, "డైలాగు ఉందా?" అని అడిగాడు.

"ఉంది. నీకు చెప్పను, సినిమా వచ్చాక చూడు."

రాములు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. వెంకటనర్సయ్య స్విచ్ ఆపి, గొట్టాలు విప్పి, చిల్లులు కడిగి, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ తగిలించాడు. ఈసారి రెండు గొట్టాల మూతులకూ వేర్వేరు సైజు బిగింపులు పెట్టాడు, ఒకదానిది ఇంకోదానికి పట్టకుండా. ఎవరు ఎటునుంచి చూసి తగిలించినా తప్పు పడదు. స్విచ్ వేసి జాలీకి అరచెయ్యి ఆనించి, పట్టు చూసుకుని, అప్పుడు లేచాడు.

సూర్యప్రకాశరావు అతన్నే చూస్తున్నాడు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"గిప్పుడే తెల్సింది సార్."

"నిజమేనా?"

"నమ్మితే నమ్మున్రి."

ఆయన నమ్మాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు. "సరే. రేపు వడ్రంగిని పిలిపించి ఈ అలమారకు తాళం పెట్టిస్తాను. చెవి నీ దగ్గరే ఉంచుకో. ఇంకెవరూ తెరవడానికి వీల్లేదు."

ఇంకొకడైతే దాన్ని గౌరవం అనుకునేవాడు. వెంకటనర్సయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"తాళంచెవి నాకొద్దు సార్. చెవి నా తాన ఉంటే, రేపు చేపకు జ్వరమొచ్చినా నా మీదికే వస్తది. వడ్రంగిని పిలిస్తే తలుపులు పీకేపియ్యున్రి. డబ్బా అందరికీ కనపడనియ్యున్రి."

"హాలు మధ్యలో ఆ గొట్టాలు, ఆ డబ్బా కనపడితే అసహ్యంగా ఉంటుందయ్యా. రేపు క్లైమాక్స్ ఎలా తీయను ఇక్కడ?"

"తియ్యకపోతే ఏమైంది?" అన్నారు జ్ఞానప్రసూనాంబగారు గుమ్మంలోంచి. "ఆల్రెడీ ఒక సినిమాలో వచ్చేసిందిగా."

తలుపులు ఆ వారంలోనే పీకించారు. అరోవానా కోలుకుని, బొద్దింకను నీళ్ల మీదికి ఎగిరి అందుకునేంతగా తయారైంది. వెంకటనర్సయ్య ఆ ఇంటికి చాలాకాలం వెళ్లాడు. సూర్యప్రకాశరావు హాల్లో కథ చెప్పించుకుంటూ ఉంటే, అతను వచ్చినప్పుడు గొంతు తగ్గించేవాడు గానీ, ఆపేవాడు కాదు.